తెరచాప పడవలో ఎర్తింగ్: రేడియోకూ పిడుగుకూ ఒకే రాగిరేకు సరిపోతుందా?

ప్రశ్న: గాలివాటు, సెయింట్ పీటర్స్‌బర్గ్, ఫ్లోరిడా

పెద్దలందరికీ నమస్కారం. టాంపా బేలో నాకు 34 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ ఉంది. 1985లో కట్టినది, నేను కొని నాలుగేళ్లయింది. వచ్చే ఏప్రిల్‌లో ఫోర్ట్ మయర్స్ వైపు నుంచి ఒకీచోబీ సరస్సు గుండా వెళ్లే జలమార్గంలో స్టూవర్ట్ చేరుకుని, అక్కడి నుంచి బహామాస్‌కు దాటాలని నేనూ నా భార్యా అనుకుంటున్నాం. దగ్గరి దూరాలకే పనిచేసే వీహెచ్ఎఫ్ రేడియో తీరానికి బాగా దూరమైతే అందదు కనుక హామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు తెచ్చుకుని, దూరాలకు పనికొచ్చే ఒక హెచ్ఎఫ్ రేడియోనూ, దానికి యాంటెన్నాను సరిపరిచే ఆటోమేటిక్ ట్యూనర్‌నూ కొన్నాను. మాస్ట్ (తెరచాప స్తంభం) కొన నుంచి పడవ వెనక అంచుకు దిగే ఉక్కుతాడుకు, అంటే బ్యాక్‌స్టేకు, ఇన్సులేటర్లు వేయించి దాన్నే యాంటెన్నాగా వాడదలచుకున్నాను.

పాత యజమాని ఎప్పుడో వేయించిన మూడంగుళాల రాగిరేకు ఒకటి వెనక లాకర్ నుంచి పడవ అడుగున సాగి, హల్‌ను, అంటే పడవ ఒంటిని, తొలిచి బిగించిన ఒక కంచు త్రూహల్ (నీళ్లు పోయే గొట్టపు అమరిక) దగ్గర ముగుస్తుంది. దాని మీద చిలుము పట్టి, రెండు చోట్ల వేలు తగిలితే చిరిగిపోయేంత పలచబడింది. దాన్ని తీసేసి కొత్త రేకు వేసి, మాస్ట్‌ను కూడా దానికే కలిపితే రేడియోకూ పిడుగుకూ ఒకే ఖర్చుతో పని అయిపోతుందని నా ఆలోచన. అల్యూమినియం మాస్ట్ డెక్కు మీదే నిలబడుతుంది. దాని కింద బరువు మోసేది క్యాబిన్‌లోని టేకు స్తంభం. దానికి దిగువన, పడవ అడుగున బరువుగా నిలిచే సీసం కీల్.

పోయిన జూలైలో మా రేవులో నాకు రెండు స్థానాల అవతల ఉన్న పడవ మీద పిడుగు పడింది. ఆ పడవను ఒడ్డుకెత్తినప్పుడు వెళ్లి చూశాను. నీటిగీతకు జానెడు కింద, హల్ మీద పెన్సిల్ మొన పట్టేంత రంధ్రాలు ఏడెనిమిది ఉన్నాయి. ఒక్కోదాని చుట్టూ గోధుమరంగు మచ్చ. ఒక మచ్చను గోటితో గీకితే ఫైబర్ పొరలు పొడిగా లేచి వచ్చాయి. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. పడవల పని తెలిసిన ఒకాయన అన్నిటినీ కలిపేయమంటారు. మరొకాయన మాస్ట్‌ను నీటికి కలపడమంటే పిడుగును పేరుపెట్టి పిలవడమే అంటారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: రాగితీగ, అన్నాపోలిస్, మేరీల్యాండ్

గాలివాటు గారూ, తెలంగాణలో సబ్‌స్టేషన్ల ఎర్తింగ్ పనితో ఉద్యోగం మొదలుపెట్టినవాణ్ణి. చెసాపీక్ బేలో పన్నెండేళ్లుగా తెరచాప పడవ నడుపుతున్నాను. మీ చిక్కంతా 'ఎర్త్' అనే ఒక్క మాటలో ఉంది. పడవలో ఆ మాట కింద నాలుగు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి. బ్యాటరీ కరెంటు తిరిగి వచ్చే నెగటివ్ తీగ మొదటిది. రేవు నుంచి తీసుకునే 120 వోల్టుల కరెంటు ఎక్కడైనా లీకైతే బ్రేకర్‌ను పడగొట్టి మనిషిని కాపాడే ఆకుపచ్చ తీగ రెండోది. పిడుగును నీటిలోకి దింపే దారి మూడోది. రేడియో యాంటెన్నాకు రెండో సగంగా నిలిచేది నాలుగోది. ఈ నాలుగూ పడవలో ఒకచోట కలుసుకోవలసిందే, ఎందుకంటే పిడుగు పడినప్పుడు రెండు విడి లోహాల మధ్య వోల్టేజి తేడా ఏర్పడితే ఆ మధ్యలో ఉన్న మనిషే దారి అవుతాడు. అయితే ఒక పనికి వేసిన తీగను ఇంకో పనికి వాడుకోవచ్చునని దాని అర్థం కాదు.

మీ రాగిరేకునే లెక్క కట్టి చూడండి. మూడంగుళాలంటే 76 మిల్లీమీటర్లు. మందం మిల్లీమీటరులో పదో వంతు అనుకున్నా అడ్డుకోత వైశాల్యం 7.6 చదరపు మిల్లీమీటర్లకు మించదు. పిడుగు ప్రధాన తీగకు అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ చెప్పే కనీస పరిమాణం 4 గేజ్ రాగి, అంటే 21 చదరపు మిల్లీమీటర్లు. మీ రేకు అందులో మూడో వంతు. అంతకన్నా ముఖ్యంగా, ఆ రేకు చివర ఉన్నది త్రూహల్. పిడుగు కరెంటును దాని గుండా దింపితే ఆ కంచు అమరికే ఊడిపోవచ్చు. అప్పుడు మిగిలేది నీటిగీత కింద ఒకటిన్నర అంగుళాల రంధ్రం. కాబట్టి త్రూహల్‌ను పిడుగుకు ప్రధాన దారిగా ఎన్నడూ వాడకండి.

పిడుగు విషయంలో తీగ నిరోధం కన్నా దాని ఇండక్టెన్స్, అంటే కరెంటు ఒక్కసారిగా మారడాన్ని అడ్డుకునే గుణం, ముఖ్యం. నిటారుగా ఉన్న తీగకు మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఉంటుంది. మామూలు పిడుగులో మొదటి దెబ్బ 30 వేల ఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. ఆ కరెంటు మైక్రోసెకనుకు 10 వేల ఆంపియర్ల చొప్పున పెరిగిందనుకుంటే, ప్రతి మీటరు తీగకూ రెండు కొసల మధ్య 10 వేల వోల్టులు నిలుస్తాయి. మీరు తీగను అలమరల వెనక దాచి, మూడు వంపులు తిప్పి, ఆరు మీటర్లు చేశారనుకోండి. ఆ 60 వేల వోల్టులు పక్కనున్న నీళ్ల ట్యాంకు మీదికో, స్టవ్ మీదికో, పడుకున్న మనిషి మీదికో దూకుతాయి. అందుకే మాస్ట్ మొదలు నుంచి టేకు స్తంభం వెంట నిటారుగా కీల్ బోల్టు దాకా 4 గేజ్ తీగ వేయండి. మీ పడవలో అది రెండు మీటర్లకు మించదు. వంపు తప్పకపోతే దాని వ్యాసార్థం 20 సెంటీమీటర్లకు తగ్గకూడదు. మాస్ట్‌ను నిలబెట్టే ఉక్కుతాళ్లు బిగించే చైన్‌ప్లేట్లనూ, ఆ తీగకు ఆరడుగుల లోపు ఉన్న పెద్ద లోహపు వస్తువులనూ 6 గేజ్ తీగతో కలపండి.

ఇక ఎర్త్ చేస్తే పిడుగును పిలిచినట్టేనా? చదునైన నీటి మీద చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైనది మీ మాస్టే. వానకు తడిసిన ఆ అల్యూమినియం కర్రను కీల్‌కు కలిపినా కలపకపోయినా, మబ్బు నుంచి దిగుతున్న మెరుపుకు చివరి కొన్ని పదుల మీటర్లలో అందే కొన అదే. ఎర్తింగ్ వల్ల మారేది పిడుగు పడడం కాదు, పడ్డాక అది ఎటు నుంచి బయటికి పోతుందన్నదే. మీరు గోటితో గీకిన ఆ రంధ్రాలు దారి దొరకని కరెంటు తనంతట తాను చేసుకున్న దారులు. మాస్ట్ కొన మీద కుంచెలాంటి పరికరం పెడితే పిడుగే పడదని అమ్మేవాళ్లు ఉన్నారు. అది రుజువైన విషయం కాదు, ఆ డబ్బు రాగికి పెట్టండి.

సమాధానం: మార్కోనీసాబ్, విశాఖపట్నం

బాబూ, రాగితీగ గారు పిడుగు సంగతి చక్కగా చెప్పారు. రేడియో సంగతి నేను చెబుతాను. 1978 నుంచి వ్యాపార నౌకల్లో రేడియో ఆఫీసరుగా పనిచేశాను. 1999 ఫిబ్రవరి 1 నాటికి జీఎండీఎస్ఎస్ అనే ఆటోమేటిక్ ఆపద సంకేత వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చి మా కొలువులు ముగిసేవరకు మోర్స్ కీ ముందే కూర్చున్నాను. ఓడలో మాకు ఎర్త్ గురించి బెంగే లేదు, ఎందుకంటే ఉక్కు హల్ మొత్తం సముద్రాన్ని తాకుతూ ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ వెనక నుంచి వచ్చే రాగిపట్టీ డెక్కుకు బిగించిన చోట మాత్రం ఆర్నెల్లకోసారి బోల్టు విప్పి, రంగునూ తుప్పునూ లోహం తళుక్కుమనేదాకా గీకి, గ్రీజు రాసి మళ్లీ బిగించేవాణ్ణి. ఒకసారి బద్ధకించినందుకు యాంటెన్నా కరెంటు మీటరు ముల్లు సగానికి పడిపోయింది. మీది ఫైబర్‌గ్లాస్ పడవ కాబట్టి ఆ ఉక్కు హల్ చేసే పనిని మీరు చేత్తో చేసుకోవాలి.

ట్యూనర్ బ్యాక్‌స్టేలోకి ఎంత కరెంటును తోస్తుందో, ఎర్త్ వైపు నుంచి అంత కరెంటు రావాలి. అది సరైన చోటు నుంచి రాకపోతే మైకు తీగ నుంచీ, బ్యాటరీ తీగల నుంచీ వస్తుంది. మైకు లోహం పెదవికి తగిలి చురుక్కుమనడం, మాట్లాడుతున్నప్పుడు ఆటోపైలట్ తనంతట తానే చుక్కాని తిప్పడం దాని లక్షణాలు.

హెచ్ఎఫ్‌లో సముద్రాన్ని లోహంతో తాకవలసిన పని లేదన్నది చాలామందికి తెలియని సంగతి. 4 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో కరెంటు ఉప్పునీటిలో పైనున్న పన్నెండు సెంటీమీటర్ల పొరలోనే చాలావరకు ప్రవహిస్తుంది. హల్ లోపల, నీటిగీత కింద రాగిరేకు పరిస్తే ఆ రేకూ సముద్రమూ మధ్యలో ఫైబర్‌గ్లాసూ కలిసి ఒక కెపాసిటర్ అవుతాయి. ఒక చదరపు మీటరు రేకు, 12 మిల్లీమీటర్ల హల్ అయితే సుమారు 3 నానోఫారడ్‌లు వస్తాయి. 14 మెగాహెర్ట్జ్ దగ్గర అది నాలుగు ఓంల లోపు అడ్డు మాత్రమే. అడుగు భాగమంతా రేకు పరవడం కష్టమైతే, ట్యూనర్‌కు అందుబాటులో ఉన్న కంచు త్రూహల్‌కు మూడంగుళాల రేకును వీలైనంత పొట్టిగా కలపండి. పాత యజమాని ఆలోచన రేడియో వరకు సరైనదే. ఆయన చేయని పని ఒకటుంది: రేకును ఒకచోట అడ్డంగా కోసి, రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి, ఆ సందు మీద 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు నాలుగైదు పక్కపక్కనే సోల్డర్ చేయాలి. ఒక్కోటి 4 మెగాహెర్ట్జ్ దగ్గర అర ఓం కూడా అడ్డు పెట్టదు కానీ, డీసీని, అంటే బ్యాటరీలా ఒకే దిశలో పారే కరెంటును, పూర్తిగా ఆపేస్తుంది. మీ పాత రేకుకు చిలుము పట్టి చిరిగిపోవడంలో అడుగున నిలిచిన ఉప్పునీటి పాత్ర ఎంతో, దాని గుండా ఏళ్ల తరబడి పారిన డీసీ పాత్ర అంతే ఉండవచ్చు.

మాస్ట్ కొనలోని వీహెచ్ఎఫ్ యాంటెన్నా అర్ధతరంగ పొడవుది అయితే దానికి ఈ ఎర్త్ ఏమీ అక్కరలేదు. బ్యాక్‌స్టే కింది ఇన్సులేటర్‌ను మాత్రం నిలబడిన మనిషి చేయి అందనంత ఎత్తున పెట్టించండి. ప్రసారం సాగుతున్నప్పుడు దాన్ని పట్టుకుంటే చర్మం కాలుతుంది, ఆ గాయం మానడానికి చాలా రోజులు పడుతుంది.

గాలివాటు

మాస్టారూ, రాగితీగ గారూ, మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. కెపాసిటర్ల మాట నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇంకో మూడు సందేహాలు మిగిలాయి. నా సీసం కీల్ మీద ఎపాక్సీ పూత ఉంది. అది పిడుగుకు అడ్డుపడదా? ఒకీచోబీ మంచినీటి సరస్సు కదా, అక్కడ ఇదే ఏర్పాటు పనిచేస్తుందా? సీసమూ కంచూ అల్యూమినియమూ అన్నీ ఒకే తీగకు కలిపితే ఒకదాన్నొకటి తినేయవా?

సమాధానం: చిలుము, హ్యూస్టన్

మూడో సందేహానికి నేను జవాబు చెప్పగలను. పైపులైన్లు తుప్పు పట్టకుండా కాపాడే క్యాథోడిక్ రక్షణ నా వృత్తి. ఒక లోహం ఇంకో లోహాన్ని తినాలంటే రెండూ తీగతో కలిసి ఉండాలి, రెండూ ఒకే నీటిలో మునిగి ఉండాలి. మీ మాస్ట్ నీటిలో లేదు కాబట్టి దాన్ని కీల్‌కు కలిపినందువల్ల నీటి కింద ఏ నష్టమూ లేదు. మాస్ట్ మొదట్లో తీగ కొసకు బిగించే రాగి లగ్గు నేరుగా అల్యూమినియాన్ని తాకితే మాత్రం అక్కడ వాననీటికే అల్యూమినియం తెల్లటి పొడి అయిపోతుంది. కళాయి పూత ఉన్న లగ్గు, మధ్యలో స్టెయిన్‌లెస్ వాషర్ వాడండి. తీగ కూడా కళాయి పూసినదే కొనండి.

నీటి కింద ఉన్న కంచు, సీసం, స్టెయిన్‌లెస్ ప్రొపెల్లర్ షాఫ్ట్, ఇవన్నీ కలిసి ఉన్నప్పుడు వాటి తరఫున కరగడానికి జింకు ఉండాలి. లోహాల వోల్టేజిని పోల్చి కొలిచే సిల్వర్ క్లోరైడ్ హాఫ్‌సెల్ ఒకటి కొని, దాన్ని పడవ పక్కన నీటిలో వేలాడదీసి, మల్టీమీటరుతో ఒక్కో త్రూహల్‌నూ కొలవండి. మొదట జింకు నుంచి విడదీసి ఒక కొలత, తర్వాత కలిపి ఇంకో కొలత తీసుకోవాలి. కలిపినప్పుడు కొలత కనీసం 200 మిల్లీవోల్టులు నెగటివ్ వైపు జరిగితే ఆ లోహానికి రక్షణ అందుతున్నట్టే. జరగలేదంటే తీగ ఎక్కడో తెగింది, లేదా జింకు అయిపోయింది. ఇంకో పరీక్ష కూడా ఉంది. పడవ ఒడ్డు మీద ఉన్నప్పుడు ప్రతి త్రూహల్‌నూ కత్తి మొనతో కొద్దిగా గీకండి. బంగారు రంగు కనబడితే కంచు మంచిది. గులాబీ రంగు కనబడితే అది అసలు కంచే కాదు, ఇత్తడి. అందులోని జింకు అప్పటికే కరిగిపోయింది. అలాంటిదాన్ని ఆ రోజే మార్చండి.

లోహాలు ఒకదాన్నొకటి తినడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది. అడుగున నిలిచిన నీటిలో, ఆ నీటిని తోడే బిల్జ్ పంపు పాజిటివ్ తీగ అతుకు మునిగి ఉంటే అంతకన్నా చాలా ప్రమాదం. ఆ 12 వోల్టులు త్రూహల్ గుండా సముద్రంలోకి పోతూ ఉంటే కంచు కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. అతుకులన్నిటినీ నీటి మట్టానికి పైకి తేవడం మీ మొదటి పని. రేవు కరెంటు తీగలో గాల్వానిక్ ఐసొలేటర్ పెట్టించండి. పక్క పడవల లోహాలతో మీ జింకు పోరాడకుండా అది చిన్న డీసీని ఆపుతుంది, కరెంటు లీకైతే మాత్రం దారి ఇస్తుంది. జింకు మిగులుతుందని ఆకుపచ్చ తీగనే కత్తిరించేవాళ్లు కొందరున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మంచినీటి రేవుల్లో అలాంటి లీకుల వల్ల ఈతకు దిగినవాళ్లు నీళ్లలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

సమాధానం: రాగితీగ

కీల్ మీద పలచటి రంగు పిడుగుకు లెక్కలోకి రాదు. మందపాటి ఎపాక్సీ, పుట్టీ అయితే కరెంటు వాటిని చీల్చుకునే పోతుంది. ఆ తర్వాత పెచ్చులూడిన చోట్లను మళ్లీ పూయించుకోవాలి. హల్‌కు రంధ్రాలు పడడంతో పోలిస్తే అది చిన్న ఖర్చే. ఆ పూత గురించి మీకు నమ్మకం లేకపోతే, మాస్ట్‌కు సూటిగా దిగువన హల్ బయట ఒక చదరపు అడుగు రాగిపలక బిగించి దానికీ ఒక తీగ దింపండి. కరెంటు ఎక్కువగా పలక అంచుల నుంచే నీటిలోకి పోతుంది కనుక, పొడవుగా సన్నగా ఉన్న పలక అదే వైశాల్యం గల చతురస్రం కన్నా మేలు.

మంచినీటి సంగతి వేరు. సముద్రంలో ఒక చదరపు అడుగు పలకకు నీటితో ఉండే నిరోధం సుమారు 0.3 ఓం. నీటి వాహకత నూరో వంతుకు పడిపోతే అదే పలకకు 30 ఓంలు. 30 వేల ఆంపియర్లకు మొదటి చోట 9 వేల వోల్టులు, రెండో చోట 9 లక్షల వోల్టులు. మన ఊళ్లలో ఎర్త్ గొయ్యిలో బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలంలో బిందెడు నీళ్లు ఎందుకు పోస్తారో గుర్తు తెచ్చుకోండి. సముద్రంలో ఆ ఉప్పు ఉచితంగా దొరుకుతుంది, సరస్సులో దొరకదు. మంచినీటిలో ఒక చదరపు అడుగు పలక చాలదని ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన ఈవెన్ థామ్సన్ 1991లోనే పరిశోధన పత్రం రాశారు. నీటిగీతకు దగ్గరగా పడవ చుట్టూ అనేక చోట్ల కరెంటుకు బయటికి దారులు ఇవ్వాలన్నది ఆయన వాదన. నాకు అది సబబుగానే తోస్తుంది, కానీ రెండు రోజుల మంచినీటి ప్రయాణం కోసం మీరు హల్‌ను పది చోట్ల తొలవనక్కరలేదు. ఏప్రిల్‌లో ఉదయాన్నే బయలుదేరి, మధ్యాహ్నపు ఉరుములు మొదలయ్యేలోపు సరస్సు దాటేయండి. మీ దారిలో పోర్ట్ మయాకా దగ్గరి రైలు వంతెన కింద 49 అడుగుల ఖాళీయే ఉంటుంది కనుక మీ మాస్ట్ ఎత్తును యాంటెన్నాతో సహా ముందే కొలుచుకోండి.

ఉరుము వినబడితే మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్ల లోపు అయితే ఇద్దరూ క్యాబిన్‌లోకి దిగండి. తప్పనిసరిగా స్టీరింగ్ దగ్గర ఉండవలసినవారు ఒక చేత్తో చక్రాన్నీ ఇంకో చేత్తో బ్యాక్‌స్టేనో రెయిలింగ్‌నో ఒకేసారి పట్టుకోకూడదు. చేతి వీహెచ్ఎఫ్‌నూ చేతి జీపీఎస్‌నూ వంట ఓవెన్‌లో పెట్టి తలుపు మూయండి. ఆ లోహపు పెట్టె కొంతవరకు కాపాడుతుంది.

గాలివాటు

అందరికీ మళ్లీ నమస్కారం. ఆరు వారాలు పట్టింది. మాస్ట్ మొదలు నుంచి కీల్ బోల్టు దాకా కళాయి పూసిన 4 గేజ్ తీగ వేశాను, కొలిస్తే ఆరడుగుల రెండంగుళాలు వచ్చింది. పడవను ఒడ్డుకెత్తించి త్రూహల్ ఆరింటినీ గీకి చూశాం. ఐదు బంగారు రంగులో ఉన్నాయి. సింకు కింది ఆరోది గులాబీ రంగు. దాని మీద సుత్తితో మెల్లగా తట్టగానే అంచు బిస్కెట్టులా విరిగి నా అరచేతిలో పడింది. నాలుగేళ్లుగా దాని మీదే నేను ప్రయాణాలు చేశాను. చిలుము గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

కొత్త రాగిరేకు నాలుగడుగులే పట్టింది, సందులో ఐదు కెపాసిటర్లు వేశాను. నిన్న సాయంత్రం 14.300 మెగాహెర్ట్జ్ మీద పిలిస్తే పడవలవారి కోసం హామ్‌లు నడిపే మేరిటైమ్ మొబైల్ నెట్ వారు స్పష్టంగా వినబడుతోందన్నారు. అయితే 7 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడినప్పుడు మాత్రం ఆటోపైలట్ చుక్కానిని కుడివైపు పది డిగ్రీలు తిప్పుతోంది. మాస్టారూ, ఇది ఎర్త్ లోపమా, వేరే ఏదైనానా?

సమాధానం: మార్కోనీసాబ్, విశాఖపట్నం

ఎర్త్ బాగానే ఉంది బాబూ, లేకపోతే 14లోనూ తిప్పేది. ఆటోపైలట్ కంప్యూటరు నుంచి దిక్సూచికి వెళ్లే తీగ బ్యాక్‌స్టే దరిదాపుల్లో చాలా పొడవుగా పోతున్నట్టుంది, అది 7 మెగాహెర్ట్జ్‌ను పట్టుకుంటోంది. ఆ తీగను రెండు చివరలా, పెట్టెలోకి దూరే చోటుకు ఆనించి, రేడియో కరెంటును అడ్డుకునే ఫెరైట్ రింగు గుండా ఐదారు చుట్లు తిప్పండి. ట్యూనర్ నుంచి రేడియోకు వచ్చే కంట్రోల్ తీగకూ అలాగే చేయండి. అప్పటికీ తగ్గకపోతే పది మీటర్ల ఇన్సులేటెడ్ తీగ ఒకటి ట్యూనర్ ఎర్త్ బోల్టుకు కలిపి, కొసను దేనికీ తగిలించకుండా డెక్కు అంచు కింద పరిచి చూడండి. మాట్లాడేటప్పుడు ఆ కొసను ఎవరూ తాకకుండా టేపు చుట్టండి.